నడుమ నలుపు

ప్రదర్శనకు పంపాల్సిన బొంతను అక్క మంచం మీద పరిచింది. చెల్లెలు దాని చుట్టూ తిరిగి చూసింది. అంచుల్లో పసుపు, నీలం, ఎరుపు ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నడుమ మాత్రం పెద్ద నల్లగుడ్డ.

"ఏమో అక్కా, నీ మోడరన్ ఆర్టు నా బుర్రకెక్కదు. పూలూ లేవు, పిట్టలూ లేవు. పోనీ, ఈ మధ్యలోనైనా ఏదో ఒకటి కుట్టకూడదూ?"

"మధ్యలో నాకేమీ కనబడదే. కనబడనిదాన్ని ఎలా కుట్టను?"

"భలేదానివి. ఇందాక సూదిలో దారం ఎక్కించావుగా?"

"తడిమి ఎక్కించాను. రెండు కళ్లూ నడిమధ్య నుంచి పోతున్నాయట. అంచులు మిగులుతాయన్నాడు డాక్టరు."

చెల్లెలు బొంతను వదిలి వచ్చి అక్కకు ఎదురుగా నిలబడింది.

"బావకి తెలుసా?"

"తెలిస్తే కత్తెర పట్టుకోనిస్తారా? ఇదొక్కటీ పూర్తయ్యాక చెబుదామని ఊరుకున్నా."

"మందుల్లేవా?"

"ఉన్న చూపు ఇంకొన్నాళ్లు నిలబడటానికే."

"అక్కా, ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు, ఇదంతా అబద్ధమని."

"నీ వైపే చూస్తున్నానే. నీ మొహం ఉన్నచోటే ఆ నలుపు."

చెల్లెలు కళ్లు తుడుచుకుని, ఎదురుగా ఉన్నది కాస్తా పక్కకు జరిగింది.

"ఇక్కడ కనబడుతున్నానా?"

"చెవి కనబడుతోంది. కొంచెం జుట్టు. కదలకు, కాసేపు అలాగే ఉండు."