జడకి వేసిన కోడ్

కదలకు వదినా! కదిలావంటే చిక్కుతో పాటు చెవి కూడా ఊడొస్తుంది. ఉన్నవి నాలుగు వెంట్రుకలు, వాటికి నాలుగొందల చిక్కులు! ఆసుపత్రి దిండు మీద రెండ్రోజులు పడుకుంటే ఇంతలా అల్లుకుపోవాలా? పిచ్చుకలు ఇంతకన్నా పద్ధతిగా గూడు కడతాయి.

అలా గుడ్లురిమి చూడకు. నోరూ విప్పకు. గొంతులో గడ్డ తీసిన చోట ఇంకా పచ్చిగా ఉంది, వారం దాకా గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే ఆయన కాళ్ల మీద పడబోయాను, నడుం వంగక ఆగాను గానీ. మా అన్నయ్య నిన్ను పెళ్లాడి ఇంటికి తెచ్చిన రోజు నుంచీ నేను మొదలెట్టిన మాట నేనే పూర్తిచేసిన పాపాన పోలేదు. ఇవాళ చేస్తాను.

నీ కొడుకు కింద కౌంటరు దగ్గర డిశ్చార్జి కాగితాల కోసం నిలబడ్డాడు. అవి చేతికొచ్చేలోగా రాజ్యాలే మారిపోతాయి. మనకి బోలెడు టైముంది.

పోయినేడు నా తుంటి విరిగినప్పుడు గుర్తుందా? ఇదే ఆసుపత్రి. నువ్వే పక్కనున్నావు, నువ్వే మంచినీళ్లు పట్టావు, కాదనను. మత్తూ జ్వరమూ కలిసి నన్ను ఏ లోకానికో ఈడ్చుకుపోయాయి. తిరిగొచ్చి తల తడుముకుంటే ఏముంది? బూట్లు తుడిచే బ్రష్షు!

నా జడ వదినా! నేను వీధి మలుపు తిరిగిపోయాక కూడా అది ఇంకా ఇంట్లోంచి బయల్దేరుతూనే ఉండేది. అది తలుపులో ఇరుక్కుని ఎన్ని బస్సులు ఆగిపోయాయి! నెరిసింది, నిజమే. అయితే మాత్రం? వెండి తీగలు పేనినట్టు నెరిసింది.

అప్పుడు నువ్వేమన్నావు? నా మంచం పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చి, "డాక్టర్లే తీసేశారు వదినా, ఆపరేషన్‌కి అడ్డమొచ్చిందట" అన్నావు. తుంటికి ఆపరేషనైతే తల మీద జుట్టు అడ్డమేమిటే అన్నాను. "మరి నీ జుట్టు తుంటి దాటి ఉండేదిగా!" అన్నావు.

చూడు, నమ్మాను! నమ్మడమేమిటి, మురిసిపోయాను కూడా!

తర్వాత బిల్లొచ్చింది. మడత విప్పితే మంచం మీంచి జారి, గుమ్మం దాటి, మెట్లు దిగిపోయింది. ఇన్సూరెన్సు వాళ్లు అన్నీ ఒప్పుకుని, ఒక్క లైనుతో మాత్రం మాకు సంబంధం లేదన్నారు. ఎందుకు లేదో తేల్చుకుందామని కర్ర పుచ్చుకుని ఇక్కడికే వచ్చాను. కౌంటరులో ఆ పిల్ల కళ్లద్దాలు ముక్కు చివరిదాకా జారుతుంటాయి, మనిషి మాత్రం బంగారం. కూర్చోబెట్టి చెప్పింది.

ప్రతి లైను పక్కనా నాలుగంకెల నంబరుంటుందట. రెవెన్యూ కోడ్ అంటారట. రోగికి ఏం చేశారన్నది చెప్పడానికి వేరే నంబర్లున్నాయట. ఇది మాత్రం ఆ ఖర్చు ఆసుపత్రిలో ఏ విభాగం నుంచి వచ్చిందో చెప్తుందట. పడుకున్న గదికొకటి, మందులకొకటి, థియేటర్‌కొకటి, మత్తు దిగేదాకా పడుకోబెట్టే చోటికి ఇంకొకటి. ఒకే కట్టు ఎమర్జెన్సీలో కడితే ఒక నంబరు, థియేటర్లో కడితే మరో నంబరు. మనింట్లో ఎవరి పళ్లెం వాళ్లకున్నట్టు.

నేనూరుకుంటానా? మరి నా జుట్టు ఏ నంబరు కింద పోయిందమ్మా అన్నాను.

డాక్టరు తీయించి ఉంటే అది థియేటర్ ఖర్చులోనే కలిసిపోతుందట, విడిగా లైనే పడదట. నాది విడిగా పడింది. ఎక్కడ? అన్నిటికన్నా అడుగున! టీవీ, టెలిఫోను, చూడ్డానికొచ్చిన వాళ్ల భోజనం, వాటి సరసన! "రోగి సౌకర్యాలు" అట ఆ విభాగం. కటింగ్ షాపు కూడా అందులోదేనట. జబ్బుతో పనిలేదు, ఎవరో ఒకరు అడిగితేనే మనిషిని పంపుతారు, అందుకే ఇన్సూరెన్సు ఇవ్వదు, అంది.

సౌకర్యం! నా జడ కోసెయ్యడం ఎవరికి సౌకర్యం వదినా?

అడిగిందెవరమ్మా అంటే, "కోడ్ ఏ విభాగమో చెప్తుంది గానీ, ఏ మనిషో చెప్పదు పెద్దమ్మగారూ" అంది.

ఆ మనిషెవరో మొన్న తెలిసింది.

మొన్న నిన్ను థియేటర్‌లోకి తోసుకెళ్లే ముందు నర్సు ఏమంది? ఉంగరాలు, కట్టుడుపళ్లు, సవరం, అన్నీ తీసి మీవాళ్లకిచ్చెయ్యండి అంది. సవరం అనగానే నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడే పిన్నులు లాగి, ప్లాస్టిక్ కవర్లో వేసి, నా ఒళ్లో పెట్టిపోయింది.

ఇదిగో, ఈ కవరే. కళ్లు మూసుకోకు, చూడు.

నల్లరంగు వేయించావు. బాగానే వేయించావు. కానీ కొసన ఈ కుచ్చు చూడు, మాడి ముడుచుకుని. నేను పొయ్యి మీదికి వంగితే అంటుకుంది, నువ్వే చెంబుడు నీళ్లు నా వీపున కొట్టావు, మర్చిపోయావా? ఏడాదిగా నా ఎదురుగా కూర్చుని, నా జుట్టే పెట్టుకుని, "కొత్త నూనె వదినా, భలే పనిచేస్తోంది" అంటావా! నాకూ ఒక సీసా కొనిపెట్టావు! రోజూ రాసుకున్నాను కూడా!

ఈ కవరు పట్టుకుని కింద లిఫ్టు పక్కన కటింగ్ షాపుకెళ్లాను. "ఈ జడ మర్చిపోతానా అమ్మా, కోసేసరికి రెండు కత్తెరలు మొద్దుబారాయి" అన్నాడాయన. పేషెంటే తీసెయ్యమంది అని చెప్పావట. కొసలకి రబ్బరు బ్యాండ్లు వేయించుకుని, బజార్లో చేపని పెట్టుకున్నట్టు సంచిలో పెట్టుకున్నావట.

పేషెంటే తీసెయ్యమందా? నాకు ఒంటి మీద స్పృహే లేదే!

ఊఁ, తలూపితే చాలు. నువ్వేనా?

సరే. నోరు లేనప్పుడు నీ అంత నిజాయితీపరురాలు లోకంలోనే లేదు.

అయితే విను. నీ బిల్లులోనూ అడుగున ఒక లైను పడబోతోంది. అదే విభాగం, అవే నాలుగంకెలు. పేషెంటే అడిగిందని చెప్పి ఆయన్ని రమ్మన్నాను. ఆనాడు నేను వద్దనలేకపోయాను, ఇవాళ నువ్వు అనలేవు. పగ ఇంత కొలత తీసి కుట్టినట్టు కుదురుతుందా ఎవరికైనా? నున్నగా గీయమన్నాను. నువ్వు కిటికీ దగ్గర నిలబడితే ఎదురు మేడలో వాళ్లు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి, అంత నున్నగా!

అదిగో, తలుపు కొట్టాడు. రండి నాయనా, రండి. ఆ తువ్వాలు భుజాల మీద కప్పండి.

ఏంటి వదినా? ఇందాకట్నించీ నన్ను తాకనివ్వని ఆ నడినెత్తి పిన్నులు నువ్వే తీస్తున్నావేం? కుర్చీ ఎందుకు ఇటు జరుపుతున్నావు?

ఆగాగు. ఎదురు తిరగాలి కదా నువ్వు! నా చెయ్యి గిల్లాలి, కుర్చీ తన్నాలి, కింద కౌంటరు దాకా వినపడేంత గొడవ చెయ్యాలి! ఆ గొడవ తలుచుకునే మొన్నటి నుంచీ నాలుగు ముద్దలు ఎక్కువ తింటున్నాను. నీ అంతట నువ్వే తల వంచేస్తే నాకింక మిగిలిందేమిటి?

ఛీ. నడినెత్తి ఇంతలా బయటపడిపోయిందా? ఎప్పట్నించి? పొద్దున్నే అందరికన్నా ముందు లేచి తలుపేసుకునేది దీనికా?

వెళ్లండి నాయనా. వద్దులెండి. లైను మాత్రం కొట్టెయ్యకండి, ఉండనివ్వండి. బిల్లు చూసినప్పుడల్లా ఈవిడకి నేను గుర్తుకు రావాలి.

చాల్లే, ఏడిస్తే గొంతు పాడవుతుంది. అడిగుంటే ఇచ్చేదాన్ని కదా అంటాననుకుంటున్నావా? అనను. ఒక్క వెంట్రుక కూడా ఇచ్చేదాన్ని కాదు. చచ్చినా ఇచ్చేదాన్ని కాదు.

ఇప్పుడది నాకూ పనికిరాదు. నువ్వు థియేటర్లో ఉండగా బాత్రూంలో తలుపేసుకుని పెట్టుకుని చూశాను. అద్దంలో ఎవరున్నారో తెలుసా? నువ్వు! హడలిపోయి లాగిపారేశాను.

ఆ పిన్నులిటివ్వు. నీ కొడుకు కారు తెచ్చేలోగా ఈ సవరం పెట్టి నీకు జడ వెయ్యాలి. తల నిటారుగా పెట్టు. గట్టిగా లాగి వేస్తాను. నొప్పెడితే చెప్పు.

ఓహో, చెప్పలేవుగా.