అంగారకుడి మీద నీడలు

కృష్ణగిరి నుంచి హోసూరు పోయే బస్సులో, గొర్రెలు కాసే తండ్రి, పక్కనే కూర్చున్న కూతురు రాసిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది అంగారకుడి నేలకు పటాలు గీయడం గురించి. ఆయనకు చదువు రాదు.

“ఎవరూ కాలుపెట్టని నేలకి పటం ఎట్ల గీస్తారమ్మా?”

“పైన తిరిగే యంత్రం ఫోటోలు పంపిస్తాది నాయనా. వాటిలో నీడలు చూసి గుంతేదో, గుట్టేదో చెప్తాము.”

“పొద్దుండే పక్క నల్లగుంటే గుంత, అవతల పక్క నల్లగుంటే గుట్ట. గొర్రెల వెనక తిరిగేటప్పుడు నేను నీకు చూపించిందే కదా!”

“అవును నాయనా.”

“అది యాడ రాసినావు? చదువు.”

“‘నీడలు చూడడం నాకు మొదట నేర్పింది గొర్రెలు కాసే మా నాయన.’”

“ఏదీ, ఆ మాట వేలు పెట్టి చూపించు.”

“ఇదిగో, ఈడ.”

“వేలు అప్పుడే తీసేస్తివే?”

“బస్సు కుదుపు నాయనా.”

“మన పక్కింటి గంగక్క కూతురు నిన్ననే ఈ పేజీ చదివి చెప్పిందమ్మా. ఎవురో ప్రొఫెసరు నేర్పినాడని ఉందంట కదా.”

“నాయనా... గొర్రెల మాట రాస్తే నలుగురూ నవ్వుతారని సిగ్గుపడినాను.”

“పోనీలే. ఇందాక చదివినట్లే ఇంకొకసారి చదువు.”