వేగిస మొద్దు నానిన బావి

వడ్లోళ్ల బావి సంగతి అడిగారు గదా, చెబుతా, ఆనక నిద్ర పట్టలేదని మీ అమ్మల కాడ నామీద చెప్పమాకండి. ఊరికి తూర్పున, బీడు దాటాక, మెట్లు దిగే బావి ఒకటుందే, గొడ్లు కూడా తప్పుకుని పోతాయే, అదే. అటెందుకు పోరంటే ఒకప్పుడు దాంట్లో నీళ్ళు నీలంగా ఉండేయంట, పొద్దుగూకే యేళకి నీళ్ళల్లోంచి ఎవరో టక్కు టక్కున కొట్టేవాళ్ళంట. నీళ్ళ సంగతి నేను తేల్చేస్తా, దాంట్లో దెయ్యమూ లేదు గియ్యమూ లేదు. కొట్టడం మాత్రం నిజం.

పేరాచారని వడ్రంగి ఉండేవాడు, మా నాయనకి నేస్తం. మన కొండల్లో వేగిస మానుంది గదా, గొడ్డలి పడగానే ఎర్రగా కారుద్ది, కొత్తోడైతే నెత్తురనుకుని గొడ్డలి పారేసి పరిగెత్తుతాడు, అది నెత్తురా పాడా, జిగురు. చేవ ముదిరిన వేగిసంటే చెదపురుగు కూడా దణ్ణం పెట్టి పక్కకి పోద్ది. వాకిళ్ళకదే, నాగళ్ళకదే, బండి చక్రాలకదే. కానీ ఒక గుణముంది దానికి. పచ్చిమీద వాడావా, తడి తగిలినప్పుడల్లా పసుపు కక్కుద్ది, గోడకి మరక, గుడ్డకి మరక. అందుకని ఆ పసుపంతా వదిలేదాకా వడ్రంగోళ్ళు దాన్ని ఆ బావి నీళ్ళల్లో నానేసేవాళ్ళు. ఆ రసం దిగిన నీళ్ళ మీద ఎండ పడితే నీలంగా కనపడతాయి. మనోళ్ళకి ఇది తెలుసా? తెలిసినా ఊరుకుంటారా?

ఈ పేరాచారి పెళ్ళాం గురవమ్మ. చెయ్యి ఆయనదైతే చెవి ఆమెది. మాను కొనేముందు ఈయన ఒక కొస కాడ చెక్క చెక్కే బాడిసె తిరగేసి దాని మడమతో కొట్టేవాడు, ఆమె రెండో కొసకి చెవి ఆనించి వినేది. చప్పుడు నిండుగా వస్తే మాను గట్టిది, బోలుగా వస్తే లోపల తొర్ర. మరి పదిమంది మగాళ్ళ మధ్య మొగుడితో గొంతెత్తి మాట్లాడటం ఆ రోజుల్లో ఉందా? అందుకని ఆమె కూడా కొట్టే చెప్పేది, మూడు దెబ్బలైతే కొనమని, ఒక్క దెబ్బైతే వద్దని. నలభై ఏళ్ళు అట్టా కాపురం చేశారు, ఒక్కసారి కూడా ఆమె చెప్పింది తప్పు కాలేదు.

ఆఖరికి ఇద్దరూ కలిసి ఒక వేగిస మొద్దు తెచ్చారు, ఇంత లావు, వేలెడు కూడా వంకర లేదు. కూతురు మాణిక్యం కడుపు పండితే దీంతో ఉయ్యాల చెయ్యాలయ్యా అందంట గురవమ్మ. ఆ బావిలోనే ఒక కొస నీళ్ళల్లో, ఒక కొస మెట్టు మీద పెట్టి నానేశారు. ఆర్నెల్లకోసారి తిప్పి పెట్టాలి, ఒకసారే తిప్పారు, ఇంతలో ఆమెకి జ్వరమొచ్చింది, తొమ్మిదో రోజుకి పోయింది.

దినాలైనాక ఒక సాయంత్రం పేరాచారి బావిలోకి దిగాడు. ఏం తోచక, అలవాటు చొప్పున, మెట్టు మీద కొసని బాడిసెతో తట్టాడు. నీళ్ళల్లో కొస కాడ్నించి మూడు దెబ్బలు వినపడ్డాయి. మీరైతే ఏం చేసేవాళ్ళు? ఊళ్ళోకొచ్చి పడేవాళ్ళు. ఆయన మాత్రం ఆ మెట్టు మీదే కూలబడి, వచ్చావటే గురవీ అని ఏడ్చాడంట. ఇంక రోజూ అంతే. పొద్దుగూకే యేళకి పోవడం, తట్టడం, ఆ మూడు దెబ్బలూ విని ఇంటికొచ్చి అన్నం తినడం. అదొక్కటే ఆయన్ని బతికించింది, నేను అబద్ధం చెప్పను.

అట్టా మూడేళ్ళు గడిచాయి, నీళ్ళు ఎప్పుడో తేటపడ్డాయి, అంటే మొద్దులో పసుపంతా వదిలిపోయిందన్నమాట. మాణిక్యానికి నెల తప్పింది. వచ్చి, నాయనా, అమ్మ మొద్దు కోయించు, పలకలు నీడన ఆరేసరికి నాకు పురుడొస్తది, ఇరవయ్యొకటో రోజున బిడ్డని దాంట్లోనే వెయ్యాలి అంది. మొద్దు బయటికొస్తే గురవమ్మ యాడుంటది? ఇంకా పసుపు వదల్లేదు తల్లీ, బిడ్డ గుడ్డలు మరకలైతాయి అన్నాడు. కర్ర విషయంలో పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడనోడు, కన్నకూతురితో ఆడాడు. అమ్మ ఉంటే ఇట్టా అనేదా అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటా పోయింది.

ఆ సాయంత్రం ఆయన దొంగలాగా మెట్లు దిగి తట్టాడు. ఒక్కటే దెబ్బ. మళ్ళీ తట్టాడు. మళ్ళీ ఒక్కటే. ఎన్నిసార్లు తట్టినా అంతే. తొర్ర పడిందని గదా దానర్థం? నీళ్ళల్లో అట్టాగే వదిలేస్తే ఉన్నదంతా పుచ్చిపోద్ది, ఆమె ఆశపడి తెచ్చిన మాను చేతులారా పాడుచేశానే అని తల కొట్టుకున్నాడు. తెల్లారగానే రెండు జతల ఎడ్లు కట్టి మొద్దు పైకి లాగించాడు.

రంపం రెండో పిడి పట్టుకుంది మా నాయనే. నిలువునా కోశారు. ఇదిగో ఇప్పుడు తొర్ర, ఇదిగో ఇప్పుడు అని ఆయన, రంపం దిగే కొద్దీ వంగి చూస్తానే ఉన్నాడు. మొద్దు రెండుగా పడింది. సూది మోపేంత బొక్క లేదు! లోపల చేవ తేనె రంగులో మెరుస్తా ఉంది. ఆచారీ, దీనికేం రోగమయ్యా అన్నాడు మా నాయన.

పేరాచారి ఆ పలక మీద చెయ్యేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు. తర్వాత నవ్వాడంట, నవ్వుతానే ఏడ్చాడంట. చూశావటయ్యా, నలభై ఏళ్ళల్లో మాను సంగతి ఒక్క అబద్ధం చెప్పలేదు, నేను మొండికేశానని బిడ్డ కోసం ఇప్పుడు చెప్పింది, ఇది చెబితే తను పోవాల్సొస్తదని తెలిసి కూడా చెప్పింది అన్నాడు. ఆ సాయంత్రం బావిలోకి దిగి మెట్టు రాయి మీద తట్టి చూశాడు. పలకలేదు. ఇంటికొచ్చి ఆ పూటే ఉయ్యాలకి కొలతలు గీశాడు.

అదీ సంగతి. కాబట్టి మీరు అటు పోమాకండి. దెయ్యముందని కాదురా నేను చెప్పేది. ఆమె ఉన్నప్పుడే మేలు, పాకుడు మెట్ల మీద ఎవడన్నా జారితే మహాతల్లి చెయ్యిచ్చి పైకి లాగేదేమో. ఇప్పుడు దాంట్లో ఎవరూ లేరు. పడితే మీ చావు మీరు చావాల్సిందే.