బ్రహ్మం వేలి మీది గాడి

బ్రహ్మానికి ఒక సుగుణం ఉంది. తన గొప్ప తానే చెప్పుకుంటాడు, ఆ శ్రమ ఇంకొకరికి పెట్టడు. ఇంకొకరికి వదిలేస్తే వాళ్లు మర్చిపోవచ్చు, తగ్గించి చెప్పొచ్చు, అసలు చెప్పకనే పోవచ్చు. లోకానికి అంత నష్టం ఎందుకని పాపం ఆయనే పూనుకుంటాడు.

ఆ ఆదివారం పొద్దున అల్మాస్‌గూడలో ఇంటి ముందు శామియానా కింద ఆ పనిలోనే ఉన్నాడు. మనవరాలు చిట్టికి చెవులు కుట్టించే రోజు. కుర్చీల నిండా చుట్టాలు. పిల్ల మేనమామ ఉపేంద్ర ఒళ్లో కూచుని అతని వాచీ చప్పరిస్తోంది. పక్కన అవుసులాయన బంగారు తీగలు సవరించుకుంటున్నాడు.

బ్రహ్మం మనసు మాత్రం చెవుల మీద లేదు, దిల్‌సుఖ్‌నగర్‌లోని తన చీరల దుకాణం మీద ఉంది. గిరాకీ పడిపోయిందని కొడుకు క్రాంతికుమార్ దాన్ని ఒక బేకరీ ఆయనకు కిరాయికి మాట్లాడిపెట్టాడు. ఆయన భోజనాల వేళకు వచ్చి తాళంచెవి పట్టుకుపోతాడు. ఆ తాళంచెవి బ్రహ్మం లాల్చీ జేబులో ఉంది. అది జేబు దాటకూడదంటే, దుకాణానికి వారసులున్నారని విస్తళ్లు పడేలోపు పదిమందినీ నమ్మించాలి. కొడుక్కి ఉద్యోగం ఉంది, చీర మడత పెట్టడం రాదు. ఇక మిగిలింది చిట్టి. ఇంకా ఏడాది నిండలేదు.

"బావా, గీ వేలు జూడుండ్రి," అని చూపుడు వేలు తెచ్చి వియ్యంకుడు పట్టాభి ముక్కు కింద పెట్టాడు.

పట్టాభిది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బయాలజీ చెబుతాడు. కళ్లజోడు పైకి తోసి చూశాడు. "ఏదో గీత ఉందండీ."

"గీత గాదు బావా, గాడి! చిటికి గట్టిన గాడి. మా పోచంపల్లిల దారాలను సైకిల్ ట్యూబు ముక్కలతోని ముడేసి కట్టి, గప్పుడు రంగుల ముంచుతరు. కట్టిన కాడ రంగెక్కది, గదే డిజైన్ అయితది. గా కట్టుడే చిటికి. మా తాత పొద్దుమాపు గదే పని. వేలు అరిగి అరిగి గాడి వడ్డది. ఎంత గాడి అనుకుంటున్నరు? బాయి గిలక లెక్క! చేంతాడు గా వేలు మీదేసి నీళ్లు తోడేటోడు."

"వేలితోనే?" అన్నాడు ఉపేంద్ర.

"మరి, ఇంట్ల గసొంటి వేలుండంగ గిలకకు పైసలు దండుగ గాదా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా నాయిన పుట్టిండు. పుట్టుడే గాడితోని పుట్టిండు. గోర్లేమో నీలిరంగు. మంత్రసాని పరేషాన్ అయ్యి కుంకుడుకాయ పెట్టి తోమింది, పోలే. ఎట్ల పోతది? పక్కా కలర్!"

పట్టాభి గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, బతికుండగా ఒంటికొచ్చిన మార్పు పిల్లలకి రాదండీ. ఎలకల తోకలు తరతరాలుగా కోసి చూశారు. పిల్లలు మళ్లీ నిండు తోకలతోనే పుట్టాయి."

బ్రహ్మం జాలిగా చూశాడు. "గవి కోయించుకున్నయి బావా, కష్టపడి అరగదీసుకోలే. ఎలుక ఎలుకే, చేనేతోడు చేనేతోడే."

చుట్టాలు ఘొల్లుమన్నారు. పట్టాభి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ నవ్వు బ్రహ్మానికి పెట్రోల్ పోసినట్టయింది.

"ఇగ నేను పుట్టిన్నాడు ఇనుండ్రి. దవాఖానల డాక్టరమ్మ బొడ్డుకు దారం కడదామని అటు తిరిగింది. ఇటు తిరిగి చూసేవరకు బొడ్డు కట్టేసి ఉన్నది. ఎవలు గట్టిండ్రు?"

"మీరే," అన్నారు నలుగురు ఒక్కసారి.

"నేనే! చిటికి ముడి. డాక్టరమ్మ ఇప్పలేక కత్తెర తెప్పిచ్చింది. గది గూడ చిన్న సంగతే, మా క్రాంతిగాని ముచ్చట ముందు. ఆనికి చిన్నప్పుడు అమ్మోరు పోసింది. అందరికీ పోస్తది, ఎట్ల పోస్తది? ఎటుబడితే అటు పోస్తది. ఆనికి వీపు మీద వరుసలు వరుసలు, డైమండ్ డైమండ్, నడుము కాడ బార్డర్! గప్పుడు మేం సైదాబాద్ల ఉంటుంటిమి. వాడకట్టు ఆడోళ్లంత ఒచ్చి, గిదే డిజైన్ల నాకు చీర గావాలె, నాకు చీర గావాలె అని ఆర్డర్లిచ్చి పోయిండ్రు."

నీళ్ల సీసాలు మోసుకొస్తున్న క్రాంతి ఆగాడు. "నాయినా, గవి దోమలు కుట్టినయి."

"దోమలకు బార్డర్ తెలుస్తదార?"

ఇక ఆపేవాళ్లు లేరు. బ్రహ్మం కుర్చీ అంచుకు జరిగాడు.

"గిప్పుడు గీ చిట్టి. కడుపుల ఉండంగ స్కానింగ్ తీసిండ్రు. డాక్టర్ మిషన్ దిక్కు జూసిండు, గోడ దిక్కు జూసిండు, మిషన్ మీద రెండు సార్లు కొట్టిండు. ఏమైంది సార్ అంటే, మిషన్ ఖరాబైనట్టున్నది, తెర మీద అంత గళ్లు గళ్లు కనవడుతున్నయి అన్నడు. ఖరాబు గాలే బావా! పిల్ల లోపల పని మీదున్నది! పుట్టినంక నర్సు గుడ్డల చుట్టి నా చేతికిచ్చిందా, చిట్టి గా గుడ్డను ఒక్క కాలుతోని ఇసిరి పరిచింది, దుకాణంల మనం గిరాకీ ముందు చీర పరిచినట్టు. కొంగు నా దిక్కే వడ్డది! గసొంటి పిల్లను పెట్టుకొని దుకాణం బేకరీకిస్తరా? పిల్ల పెద్దగయ్యేదాంక షట్టర్ దించి ఉంచుత. గంతే."

ముందు వరసలో ఒక పెద్దాయన తలూపాడు కూడా. బ్రహ్మం జేబు తడుముకున్నాడు. తాళంచెవి చల్లగా, భద్రంగా ఉంది. గెలిచినట్టే అనిపించింది.

అప్పుడే అవుసులాయన తీగ గుచ్చాడు. చిట్టి ఆకాశం చిరిగేలా ఏడ్చింది. రెండో చెవి అయ్యేసరికి ఏడవడానికి ఊపిరి కూడా చాల్లేదు. అమ్మమ్మ కోటేశ్వరమ్మ దాన్ని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ బ్రహ్మం ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మగారికి చెవులు కుట్టించారాండీ?"

"గదేం మాట చెల్లెమ్మా, కుట్టియ్యకుంటరా?"

"ఆవిడ తల్లికి?"

"కుట్టిచ్చిండ్రు. తాతల ముత్తాతల సంది. మా దిక్కు మొగోళ్లకు గూడ కుట్టిస్తుండె." బ్రహ్మం తన చెవి తమ్మె లాగి చూపించాడు.

"మా వైపూ అంతేనండీ, ఒక్క ఆడపిల్లని వదల్లేదు." కోటేశ్వరమ్మ పిల్ల కన్నీళ్లు కొంగుతో తుడిచింది. "రెండు వైపులా ఇన్ని తరాలు కుట్టించుకున్నాం కదా, మరి దీని చెవులకి కన్నాలేవండీ? ఇంత ఏడిపించి ఇవాళ మళ్లీ ఎందుకు కుట్టించాం? మీ లెక్కన ఇది బుట్టకమ్మలతో పుట్టాలి కదా!"

చిట్టి వెక్కింది. బ్రహ్మం అప్పటిదాకా పట్టుకున్న చెవి తమ్మె వదిలేశాడు. "చెవులు… చెవులు వేరే డిపార్ట్‌మెంట్ చెల్లెమ్మా," అన్నాడు.

ఆ మాటకు లేచిన నవ్వుకు శామియానా ఎగిరిపోవలసింది. అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి పట్టాభి. ఎలకల బాకీ తీరింది.

వంటల దగ్గర్నుంచి బ్రహ్మం భార్య లలితమ్మ గరిటెతోనే వచ్చింది. "గా వేలు సంగతి గూడ జెప్పుండ్రి మరి. దుకాణం షట్టర్ల వడ్డ వేలది. నేనే పసుపు పెట్టి కట్టిన. చిటికి గట్టిండ్రట, చిటికి! మామయ్య నేర్పుతా రారా అంటే సినిమాకు ఉరికేటోళ్లు గాదా?"

బ్రహ్మం వేలు ముడుచుకున్నాడు.

పట్టాభికి అయ్యో అనిపించినట్టుంది. కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "పోనీ, నేర్పండి బావగారూ. రక్తంలో రాకపోతేనేం, నేర్పితే ఏ వేలికైనా వస్తుంది."

"నేర్పుత!" అన్నాడు బ్రహ్మం ఛాతీ విరిచి. అన్నాక, ఆ ఛాతీ మెల్లగా దిగింది. ఎవరూ చూడలేదనుకున్నాడు గానీ కోటేశ్వరమ్మ చూసింది. చూసి, చిట్టిని ఆయన ఒళ్లో పెట్టి పోయింది. చిట్టి ఆ షట్టర్ వేలిని నోట్లో పెట్టుకుని ఏడుపు మర్చిపోయింది.

బేకరీ ఆయన వచ్చాడు. ఎవరూ అడగకముందే బ్రహ్మం తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "షట్టర్‌తోని జర పైలం అని చెప్పు," అన్నాడు, అంతే.

ఇప్పుడు ఆదివారం వస్తే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి పోచంపల్లి పోతున్నాడు. అక్కడ పెదనాయిన కొడుకు మురళీకృష్ణ ఇంట్లో, దారాలు బిగించిన చట్రం ముందు, ట్యూబు ముక్కలు పట్టుకుని కూచుంటాడు. ఆయన కట్టిన ప్రతి ముడిలోకీ రంగు దూరుతుంది. మురళీకృష్ణ దాన్ని విప్పి మళ్లీ ఇస్తాడు. చిట్టికి నడక వచ్చింది, చెవులకు కమ్మలు వచ్చాయి, తాతను పేరు పెట్టి పిలవడం కూడా వచ్చింది. బ్రహ్మానికి ఆ ముడి ఇంకా రాలేదు.