కాలిన కోటు ఫొటో

లాండ్రీ కౌంటర్ వెనక కోడలు ఫోను చూసుకుంటోంది. మామగారు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, విసురుగా ఆమె దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, కాలిన కోటు ఫొటో మన షాపు పేజీలో నువ్వే పెట్టావట! ముందు అది తీసెయ్."

"తియ్యను మామయ్యా."

"ఆ కోటాయన ఒక్క స్టార్ ఇచ్చి మన పరువు తీసింది చాల్లేదా? అది కప్పెయ్యడానికేగా చుట్టాలందరి చేతా మంచి రివ్యూలు రాయించాను!"

"చూశాను. మీ అక్కగారు అయిదు స్టార్లిచ్చి, 'రుచి అద్భుతం, వేడివేడిగా వడ్డించారు' అని రాశారు. మనది లాండ్రీ మామయ్యా!"

"పెద్ద ప్రాణం, ఏదో కంగారు పడుంటుంది."

"ఊరంతా పడీపడీ నవ్వుతోంది. అందుకే అందరికీ ఫోన్లు చేసి అవన్నీ తీయించేశాను. కోటు కాల్చింది మేమే, ఆయనకి కొత్తది కొనిచ్చాం అని ఉన్నదున్నట్టు రాశాను."

"మన తప్పు మనమే చాటింపు వేసుకుంటే గిరాకీ వస్తుందా?"

"రాకపోతే పోనీండి. దొంగ పొగడ్తలు చూసి వచ్చే గిరాకీ నాకొద్దు. మీరెంత అరిచినా ఇదే మాట."

ఆయన గొంతు తగ్గింది.

"కాల్చింది నేనని రాశావా?"

"మీ ఒక్కరి పేరెందుకు? షాపు మనందరిదీ కదా."

ఆయన ఫోను లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇదేం ఫొటో? కాలిన చోటే సరిగ్గా కనపడట్లేదు. ఆ కోటు ఇలా పట్రా. లైటు కింద నేను పట్టుకుని నిలబడతాను, మళ్లీ తియ్యి. నా మొహం కూడా పడాలి."