మొక్కు లేని కొండ

గుణదలలోని తమ ఇంటి వరండాలో భార్యాభర్తలిద్దరూ ఒకే ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. ముంబై నుంచి కొచ్చికి తాము వెళ్ళబోయే ఓడ ఆగే ఊళ్ళలో దిగి ఏమేం చూస్తారో ఓడవాళ్ళకు ఇవాళే చెప్పాలి.

"కొచ్చిలో పడవ షికారు పెట్టేశా."

"ఓడ దిగి మళ్ళీ పడవెక్కడమేంటండీ?"

"హాయిగా కూర్చోవచ్చు. గోవాలో ఏసీ బస్సు."

"నాకు గోవాలో ఆ కొండ మీది చర్చి చూడాలనుంది."

"అన్నీ మెట్లే. నీ మోకాళ్ళ సంగతేంటి?"

"ఏటా మన మేరీమాత కొండ ఎక్కట్లేదా?"

"అది మొక్కు. నా గుండె ఆపరేషనప్పుడు మొక్కుకున్నావు. నువ్వు మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతుంటే కింద నిలబడి చూడలేక చస్తున్నా."

"మొన్న డాక్టరుగారు మిమ్మల్ని కూడా మెల్లగా ఎక్కొచ్చన్నారుగా."

"అన్నారు... సరే, అక్కడికీ కొబ్బరికాయ తీసుకెళ్ళాలా? ఓడలోకి రానిస్తారో లేదో."

"కాయెందుకు? ఈసారి నేను అడగాల్సిందేం లేదండీ. అడిగి తెచ్చుకున్న మనిషితో కలిసి ఒక్క కొండ ఎక్కాలని, అంతే."

"బస్సు తీసేస్తున్నా. నీ మోకాలి పట్టీ మాత్రం మర్చిపోకు."