ఈ గదుల్లో ఎవరుంటారు?

ఆడపిల్లల హాస్టలు, పై అంతస్తు వరండా. ఫైర్ అలారాల పనికి వచ్చినతను నిచ్చెన ఎక్కి ఉన్నాడు. హాస్టలు నడిపే ఆవిడ కింద నిలబడి అడుగుతోంది. ఒక పెద్దాయన నిచ్చెన పట్టుకున్నాడు.

"ఈ పని నేర్చుకున్నట్టు ఇచ్చిన కార్డు నీదేనా బాబూ?"

"నాదేనమ్మా. ఫోటో చూడండి, ఈ ముక్కు ఇంకెవరికుంటుంది?"

"నవ్వులాట కాదు. మొన్నొకడు బావమరిది కార్డు పట్టుకొచ్చాడు. ఫోటోలో మీసం ఉంది, మొహాన లేదు. నీకు పని నేర్పిన చోటికి ఫోన్ చేస్తానుండు."

"పొద్దున చేశారుగా?"

"చేశాను. మళ్ళీ చేస్తాను."

"మా మామగారు పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని ఆరాలు తీయలేదు. పెద్దాయనా, గట్టిగా పట్టుకో, కదులుతోంది."

"పట్టుకునే ఉన్నారు. ఆ చేతులే అంత, వణుకుతాయి. సరే, అలారం బాగుందని ఎలా చూస్తావు? కింద డబ్బాలో మీట నొక్కితే చాలదూ? గంట మోగుతుందిగా?"

"మోగుతుంది. గంట బాగుందని తెలుస్తుంది, అంతవరకే. పైన పొగను పసిగట్టేవాటి సంగతి తెలియదు కదా. ఒక్కోదాని దగ్గరకీ ఎక్కి, పొగ కొట్టి చూడాలి. నిచ్చెన లేకుండా వచ్చినవాణ్ణి గడప తొక్కనివ్వకండి."

"ఊఁ. సరిగ్గానే చెప్పావు."

"పాసయ్యానా?"

"లేదు. ముందొచ్చినవాళ్ళలో ఇద్దరు ఇదే చెప్పారు."

"ఇంకేం చెప్పాలమ్మా? కార్డు చూశారు, ఫోన్లు చేశారు, నేను పనిచేసిన హాస్పిటలుకి వెళ్ళి మరీ అడిగొచ్చారట. ఏం చెబితే ఒప్పుకుంటారు?"

"చెప్పేది అయిపోయిందిలే. నువ్వేమన్నా అడగాలంటే అడుగు."

"ఒకటుంది. అది ముందే అడగాలి, మీరు నన్ను నోరు మెదపనిస్తేగా! ఈ గదుల్లో ఎవరుంటారు?"

"ఆడపిల్లలు."

"అది బోర్డు మీదే ఉందమ్మా. వాళ్ళలో నడవలేనివాళ్ళు, మందులేసుకుని పడుకునేవాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు... అమ్మా? ఏమైంది?"

"ఏం లేదు. ఏం లేదు. ఎందుకడిగావు?"

"గంట ఎంత గట్టిగా మోగితేనేం, వినపడనివాళ్ళకి ఏం లాభం? వాళ్ళ మంచం పక్కన వెలిగి ఆరే లైటు పెట్టాలి. దిండు కింద ఇంకోటి పెట్టాలి, గంటతోపాటే అది అదురుతుంది. కింద నా సంచిలో ఉంది, చూపిస్తా... అయ్యో, ఏడుస్తున్నారేంటి? నేనేమన్నా తప్పు మాట్లాడానా?"

"తప్పు కాదు నాయనా. నీకు ముందు నలుగురొచ్చారు. ఎవరుంటారని ఒక్కడూ అడగలేదు."

"ఎవరికైనా వినపడదా?"

"మా అమ్మాయికి. పుట్టుకతోనే."

"ఏ గదమ్మా? ముందు అక్కడే పెడతాను."

"ఆ మూల గది. ఇప్పుడు లేదు నాయనా, పోయింది. ఎప్పుడూ కింద మా దగ్గరే పడుకునేది. పరీక్షలని ఆ వారం స్నేహితురాళ్ళతో పైన పడుకుంది. ఎవరో ఇస్త్రీపెట్టె ఆపడం మరిచారు, మంట అంటుకుంది. గంట మోగింది. మోగకపోవడమేంటి, వీధి వీధంతా లేచింది! పిల్లలంతా దిగారు. ఎవరికి వాళ్ళు, అదీ దిగేసిందనుకున్నారు."

"అయ్యో..."

"అది లేదని మేం చూసుకునేసరికి మెట్ల నిండా పొగ. కడుపుకోత నాయనా. ఈ గదుల్లో పిల్లల్ని వదిలివెళ్ళే ఇంకో తల్లికి ఆ గతి పట్టకూడదు. అందుకే ఇన్ని అడుగుతున్నాను."

"ఆ గంట పెట్టినవాడికి అసలు కార్డుందా?"

"లేదు. చూసి చూసి నేర్చుకున్న పని. ఆ రోజు వీధిలో నిలబడి, 'చూశావా, ఎలా మోగుతోందో' అన్నారు కూడా."

"వాణ్ణి జైల్లో వెయ్యాలమ్మా! ఇలాంటివాళ్ళ వల్లే మా అందరికీ చెడ్డపేరు. ఎవడు వాడు? ఇంకా ఈ పనే చేస్తున్నాడా?"

"మెల్లగా నాయనా, మెల్లగా."

"మెల్లగా ఏంటమ్మా, ఎక్కడున్నాడో చెప్పండి."

"నీ నిచ్చెన పట్టుకున్నారు."

"ఈ పెద్దాయనా?"

"దాని నాన్న. రోజూ పొద్దున ఆయనే భుజం పట్టుకుని ఊపి లేపేవారు. చప్పుడు చేసి లేపిన పిల్ల కాదుగా. గంట పెడుతున్నప్పుడు ఆ ఊసే మనసులోకి రాలేదు. నాకూ రాలేదు."

"అయ్యా... తెలియక అన్నానయ్యా. ఏమీ అనుకోకండి. మీరు కూర్చోండి, నేను దిగుతాను."

"మెల్లగా దిగు బాబూ, పట్టుకున్నాను. ఆ దిండు కింద అదిరేది ఉందన్నావే, అది ఒకసారి నా చేతిలో పెట్టి ఆన్ చేస్తావా? గట్టిగా అదురుతుందా? మా పిల్లది మొద్దునిద్ర."